బిజినెస్ అనలిటిక్స్ చదవాలనుకుంటున్నారా? గోదావరి జిల్లాల పిల్లలకు మొదటి నుంచీ దారి

ఇంటర్ రిజల్ట్స్ రాగానే మన వైపు ఇళ్లల్లో ఒకటే చర్చ. బీటెక్కా, డిగ్రీనా, డిగ్రీ అయితే ఈ డేటా అనలిటిక్స్ అని కొత్తగా ఏదో చెప్తున్నారు, అది మంచిదేనా అని. మంచిదే. కానీ కోర్సు పేరు చూసి చేరిపోతే, చదువు అయ్యేసరికి చేతిలో నాలుగైదు సర్టిఫికెట్లు ఉంటాయి గానీ ఇంటర్వ్యూలో "మీరు చేసిన పని ఒకటి చెప్పండి" అంటే నోట మాట రాదు. అమలాపురం, భీమవరం, తణుకు, పాలకొల్లు, రావులపాలెం వైపు నుంచి ఈ చదువుకి వెళ్లే పిల్లల్ని, వాళ్ల అమ్మానాన్నల్ని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి, దేనికి ఎక్కువ టైమ్ ఇవ్వాలి, దేన్ని పైపైన చూసి వదిలేయొచ్చు అన్నది వరసగా చెప్తాను.

ముందే ఒక మాట. ఈ చదువులో సాఫ్ట్‌వేర్ చిన్న భాగం. వ్యాపారంలో డబ్బు ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో తెలియాలి, కనపడ్డ ప్రతి లెక్కనీ ఒకసారి అనుమానించడం రావాలి. ఈ రెండూ వస్తే మిగతావి నేర్చుకోవచ్చు. రొయ్యల చెరువు, రైస్ మిల్లు, కొబ్బరి కొట్టు చుట్టూ పెరిగిన పిల్లలకి మొదటిది సగం వచ్చేసి ఉంటుంది, ఆ సంగతి వాళ్లకే తెలియదు.

1. ఇదేం చదువో ముందు అర్థం చేసుకోండి

వ్యాపారంలో రోజూ పుట్టే లెక్కల్లోంచి నాలుగు ప్రశ్నలకి జవాబు తీయడం బిజినెస్ అనలిటిక్స్ పని. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇక ముందు ఏం జరగొచ్చు, అయితే ఇప్పుడేం చేయాలి. మిల్లు యజమాని "ఈ దాళ్వాలో మనకి ఎందుకు మిగల్లేదు" అని గుమస్తాని అడిగితే అది రెండో ప్రశ్న. "సార్వా ధాన్యం ఏ వారంలో కొనడం మంచిది" అంటే మూడూ, నాలుగూ. డేటా సైన్స్ కోర్సుల్లో గణితం, ప్రోగ్రామింగ్ ఇంకా లోతుగా ఉంటాయి. బిజినెస్ అనలిటిక్స్‌లో వాటితో పాటు అకౌంట్స్, ఫైనాన్స్, మార్కెటింగ్ కూడా ఉంటాయి. కాలేజీ బ్రోషర్లలో రెండు పేర్లూ కలిపేసి వాడుతుంటారు కాబట్టి పేరు పట్టుకుని ఏదీ తేల్చుకోకండి.

2. ఏ దారిలో వెళ్లాలి

ఇంటర్ తర్వాత మామూలుగా కనపడే దారులు ఇవి. బీబీఏ లేదా బీకామ్‌లో అనలిటిక్స్, బీఎస్సీలో స్టాటిస్టిక్స్ లేదా డేటా సైన్స్, ఈఏపీసెట్ రాసి బీటెక్‌లో డేటా సైన్స్. మన జిల్లాల్లో డిగ్రీ కాలేజీలు ఎక్కువగా రాజమహేంద్రవరంలోని ఆదికవి నన్నయ యూనివర్సిటీ కిందికి, ఇంజనీరింగ్ కాలేజీలు కాకినాడ జేఎన్‌టీయూ కిందికి వస్తాయి. నా అభిప్రాయం అడిగితే, వ్యాపారం వైపు మొగ్గు ఉన్న పిల్లాడిని బీటెక్‌లోకి తోసేయాల్సిన అవసరం లేదు. మంచి స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ ఉన్న బీఎస్సీ, ఆ తర్వాత ఐసెట్ రాసో క్యాట్ రాసో ఎంబీఏ, ఈ జంటకి ఇప్పటికీ మంచి విలువ ఉంది.

ఇంకో దారి గురించి మన ఊళ్లలో తెలిసినవాళ్లు తక్కువ. ఐఐటీ మద్రాస్ 2020లో ఒక ఆన్‌లైన్ డిగ్రీ మొదలుపెట్టింది, ఇప్పుడు దాని పేరు డేటా సైన్స్ అండ్ అప్లికేషన్స్. దీనికి జేఈఈ అక్కర్లేదు, నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ పరీక్ష పాసైతే చేరొచ్చు. పాఠాలు ఇంట్లోంచే వినొచ్చు, పరీక్షలకి మాత్రం సెంటర్‌కి వెళ్లాలి. ఫౌండేషన్, డిప్లొమా, డిగ్రీ అని మెట్లుగా ఉంటుంది, ఒక మెట్టు పూర్తిచేసి ఆగిపోయినా ఆ మెట్టు సర్టిఫికెట్ చేతికొస్తుంది. డిప్లొమాలో బిజినెస్ డేటా మేనేజ్‌మెంట్, బిజినెస్ అనలిటిక్స్ పేపర్లు కూడా ఉన్నాయి. 2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చేయడానికి అనుమతి ఇచ్చింది కాబట్టి ఊళ్లో కాలేజీకి వెళ్తూ ఇది కూడా చేయొచ్చు. భారం తక్కువేం కాదు, వారం వారం అసైన్‌మెంట్లు ఉంటాయి. కానీ బయటి ఊళ్లో హాస్టల్ ఖర్చు పెట్టలేని ఇంటికి ఇంతకన్నా మంచి దారి నాకు కనపడలేదు.

డిగ్రీ అయ్యాక గురి పెద్దదైతే, ఐఐఎం కలకత్తా, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, ఐఐటీ ఖరగ్‌పూర్ మూడూ కలిసి నడిపే రెండేళ్ల బిజినెస్ అనలిటిక్స్ పీజీ డిప్లొమా ఉంది. 2015లో మొదలైంది. సీటు కష్టం, కానీ డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఆ పేరు చెవిన పడితే చదివే తీరు మారుతుంది.

ఎంపీసీ, ఎంఈసీ వాళ్లకి లెక్కల ఇబ్బంది పెద్దగా ఉండదు. సీఈసీ, బైపీసీ వాళ్లు చేరకముందు ఎండాకాలం సెలవుల్లో శాతాలు, నిష్పత్తులు, సరళరేఖ సమీకరణం, లాగరిథమ్స్, ప్రాబబిలిటీ మొదటి పాఠాలు ఇంటర్ పుస్తకాల్లోంచే చేసుకుంటే చాలు. కాలిక్యులస్ చూసి టెన్షన్ పడి కోర్సే మానుకోవద్దు.

3. చేరే ముందు సిలబస్ కాగితం చదవండి

యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో సెమిస్టర్ల వారీగా సిలబస్ ఉంటుంది. దాన్ని ప్రింట్ తీసుకుని ఒక పెన్ను పట్టుకుని కూర్చోండి. స్టాటిస్టిక్స్ కనీసం రెండు పేపర్లు, డేటాబేస్ ఒక పేపర్, అకౌంటింగ్ లేదా ఫైనాన్స్ ఒక పేపర్, చివర్లో నిజమైన ప్రాజెక్ట్, ఇవి ఉన్నాయా? ఉంటే ఆ కోర్సు మాట్లాడదగ్గది. అన్నీ "ఇంట్రడక్షన్ టు" అని మొదలయ్యే పేపర్లే అయితే మూడేళ్లూ గుమ్మం దగ్గరే నిలబెడతారు.

తర్వాత ఆ కాలేజీలో చదువుతున్న సీనియర్‌ని పట్టుకోండి. ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి లెక్కలు తీసే భాష) ఎవరు చెప్తారు, ల్యాబ్‌లో ఒక్కో కంప్యూటర్‌కి ఎంతమంది కూర్చుంటారు, పోయిన ఏడాది ప్రాజెక్టులు సొంతంగా చేశారా, కొనుక్కొచ్చారా. ప్లేస్‌మెంట్ ఎంత శాతం అని అడిగే బదులు ఏ ఉద్యోగం పేరుతో తీసుకున్నారో అడగండి. డేటా ఎనలిస్ట్, ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ (కంపెనీ లెక్కల రిపోర్టులు తయారుచేసే ఉద్యోగం) అని వినపడితే ఒకటి, కాల్ సెంటర్ అని వినపడితే ఇంకొకటి.

4. స్టాటిస్టిక్స్: ఎక్కువ టైమ్ ఇవ్వాల్సింది ఇక్కడే

పిల్లలు దీన్ని పరీక్షకి ఫార్ములాలు బట్టీ పట్టి దాటేసి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద పడతారు. అక్కడే దెబ్బ తింటారు. ఒక లెక్క చూపిస్తాను, అంకెలు అర్థం కావడానికి నేను వేసుకున్నవి.

భీమవరం వైపు కొందరు రైతులు ఇద్దరు రొయ్యల ఏజెంట్లలో ఎవరు మంచి రేటు ఇస్తున్నారో తేల్చుకోవాలనుకున్నారు అనుకోండి. పాత బిల్లులన్నీ కలిపి సగటు తీశారు. మొదటి ఏజెంట్ సగటున కిలోకి 272 రూపాయలు, రెండో ఆయన 328 ఇచ్చారు. ఇంకేం, రెండో ఆయనకే అమ్ముదాం అనేస్తారు ఎవరైనా. ఇప్పుడు బిల్లుల్ని కౌంట్ వారీగా, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయో దాన్ని బట్టి విడదీయండి. మొదటి ఆయన 50 కౌంట్ సరుకు ఒక టన్ను 360 చొప్పున, 100 కౌంట్ సరుకు నాలుగు టన్నులు 250 చొప్పున కొన్నాడు. రెండో ఆయన 50 కౌంట్ నాలుగు టన్నులు 350కి, 100 కౌంట్ ఒక టన్ను 240కి కొన్నాడు. చూడండి, ఏ కౌంట్ తీసుకున్నా మొదటి ఆయనే కిలోకి పది రూపాయలు ఎక్కువ ఇచ్చాడు. ఆయన దగ్గరకి చిన్న రొయ్య ఎక్కువ వచ్చింది కాబట్టి సగటు పడిపోయింది, అంతే. దీన్ని సింప్సన్స్ పారడాక్స్ అంటారు, పుస్తకంలో అర పేజీ ఉంటుంది. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలో తెలిసిన మన పిల్లాడికి ఇది ఒక్కసారి చెప్తే చాలు, ఇక జన్మలో ఉత్త సగటుని నమ్మడు.

శాంప్లింగ్ కూడా అలాంటిదే. చెరువులో వారం వారం విసురు వల వేసి, పడ్డ రొయ్యల్ని తూచి, లెక్కపెట్టి సగటు బరువు చూస్తారు. అది అచ్చంగా శాంప్లింగే. వల ఎప్పుడూ మేత చల్లే చోటే వేస్తే అక్కడికి చేరే బలమైన రొయ్యలే పడొచ్చు, అప్పుడు చెరువు మొత్తం ఎదుగుదల ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది. క్లాసులో బయాస్ అనే మాట వినగానే ఈ వల గుర్తు తెచ్చుకోండి. ఆన్‌లైన్ సర్వేకి ఎవరు జవాబిచ్చారు, ఎవరు ఇవ్వలేదు అన్న ప్రశ్న మీకై మీకే పుడుతుంది.

ఇంకా బాగా రావాల్సినవి: మీడియన్, వేరియన్స్, ప్రాబబిలిటీ, హైపోథెసిస్ టెస్టింగ్ (ఒక ఊహని డేటాతో పరీక్షించడం), రిగ్రెషన్ (ఒక అంకెతో పాటు ఇంకొకటి ఎలా మారుతోందో చూడడం), టైమ్ సిరీస్ (రోజులు, నెలల వెంట మారే లెక్కలు). రిగ్రెషన్ చేసేటప్పుడు కారణం, కలిసి కనపడడం వేరు వేరని మర్చిపోవద్దు. ఏరేటర్లు ఎక్కువున్న చెరువుల్లో దిగుబడి ఎక్కువ వచ్చిందంటే అది ఏరేటర్ల వల్లేనా, లేక డబ్బున్న రైతు సీడ్, మేత, మనుషులు అన్నీ బాగా పెట్టడం వల్లా?

టైమ్ సిరీస్ దగ్గర మన పుస్తకాలు చెప్పని చిక్కు ఒకటుంది. మన అమ్మకాలు చాలావరకు తిథుల్ని బట్టి నడుస్తాయి. సంక్రాంతి ఏటా జనవరి నడిమికే వస్తుంది, దానితో పేచీ లేదు. శ్రావణం, కార్తీకం అలా కాదు. 2023లో అధిక శ్రావణం వచ్చింది, నిజ శ్రావణం ఆగస్టు మధ్యలో గానీ మొదలవలేదు. అంతకు ముందు ఏడాది జూలై చివర్లోనే మొదలైంది. ఒక చీరల షాపు 2023 ఆగస్టు మొదటి పక్షాన్ని 2022 ఆగస్టు మొదటి పక్షంతో పోల్చి "అమ్మకాలు పడిపోయాయి" అని రిపోర్ట్ ఇస్తే అది తప్పు రిపోర్ట్. డేటాలో తెలుగు నెల, పెళ్లి ముహూర్తాలు ఉన్నాయా లేదా అనే రెండు కాలమ్‌లు చేర్చుకోండి. కొబ్బరికాయలు, పూలు, బంగారం, బట్టలు, వేటి మీద పని చేసినా ఇది అక్కరకొస్తుంది. ఎక్కడి నుంచో వచ్చిన సాఫ్ట్‌వేర్‌కి మూఢం సంగతి తెలియదు.

సి.ఆర్.రావు గారి పేరు కూడా ఈ సబ్జెక్ట్‌లోనే ఎదురవుతుంది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదువుకున్న మన తెలుగాయన. ఒక అంచనా ఎంత వరకు కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే ఫలితం 1945లో ప్రచురించారు, అప్పటికి ఆయన వయసు పాతికే. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు, అదే ఏడాది ఆగస్టులో నూట రెండేళ్ల వయసులో పోయారు. క్రామర్-రావు బౌండ్ అని క్లాసులో విన్నప్పుడు ఆ రావు ఎవరో తెలిసి ఉండాలి.

5. సాఫ్ట్‌వేర్లు, ఏది ముందు ఏది తర్వాత

మొదటి ఏడాది ఎక్సెల్. పివట్ టేబుల్, ఎక్స్‌లుకప్, ఇఫ్, సమ్ఇఫ్స్ చేతివేళ్ల మీద ఉండాలి. ఎక్సెల్ షీట్‌లో పట్టేది 10,48,576 వరసలే, పెద్ద కంపెనీ డేటా దానికి మించిపోతుంది. అందుకే రెండో ఏడాది ఎస్‌క్యూఎల్. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్‌లైట్ రెండూ ఫ్రీ. సెలెక్ట్, వేర్, గ్రూప్ బై రెండు వారాల్లో వచ్చేస్తాయి, అసలు కథ రెండు టేబుళ్లని కలిపే జాయిన్ దగ్గర. పది వేల బిల్లుకి పార్టీ ఆరు వేలు ఒకసారి, నాలుగు వేలు ఒకసారి కట్టాడు. బిల్లుల టేబుల్‌ని, జమల టేబుల్‌ని కలిపారంటే ఆ బిల్లు రెండు వరసల్లో వస్తుంది, కూడిక వేస్తే అమ్మకం ఇరవై వేలు అయి కూర్చుంటుంది. ఎర్రర్ ఏమీ చూపించదు. అందుకే జాయిన్ చేసిన ప్రతిసారీ ముందు ఎన్ని వరసలు, తర్వాత ఎన్ని వరసలు అని చూడడం అలవాటు చేసుకోండి.

ఆ తర్వాత పైథాన్ గానీ, ఆర్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ భాష గానీ ఏదో ఒకటి. రెండూ వద్దు. గ్రాఫులు, రిపోర్టులు తయారుచేసే పవర్ బీఐ డెస్క్‌టాప్ ఫ్రీయే, విండోస్‌లోనే నడుస్తుంది. అది నెల రోజుల పని. ల్యాప్‌టాప్‌కి ఎనిమిది జీబీ ర్యామ్ సరిపోతుంది. కొనే స్తోమత ఇప్పుడే లేకపోతే కాలేజీ ల్యాబ్‌లో గూగుల్ కొలాబ్ తెరిచి బ్రౌజర్‌లోనే పైథాన్ నేర్చుకోవచ్చు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్‌పీటెల్‌లో పాఠాలు చూడడానికి రూపాయి కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

చాట్‌బాట్‌లతో కోడ్ రాయించుకోవచ్చా అంటే, రాయించుకోండి. వచ్చిన అంకెని చిన్న టేబుల్ మీద చేత్తో వేసి సరిచూడడం రానంతవరకు మాత్రం దాన్ని రిపోర్ట్‌లో పెట్టొద్దు.

6. ప్రాజెక్ట్: మీ ఊరి లెక్కల పుస్తకంతో చేయండి

కాగిల్ అనే వెబ్‌సైట్‌లో దొరికే టైటానిక్ ఓడ ప్రయాణికుల డేటాతో ప్రాజెక్ట్ చేసినవాళ్లు దేశమంతా ఉన్నారు. రొయ్యల చెరువు మేత లెక్కలు రాసే పుస్తకంతో చేసినవాళ్లు ఎంతమంది? అంబాజీపేట కొబ్బరి, కడియం నర్సరీలు, ఆత్రేయపురం పూతరేకులు, ఉప్పాడ చీరలు, తణుకు వైపు మిల్లులు, ఇన్ని వ్యాపారాలు చుట్టూ పెట్టుకుని బయటి డేటా వెతుక్కోనక్కర్లేదు.

తెలిసినవాళ్ల దగ్గరకి వెళ్లి మర్యాదగా అడగండి. "బాబాయ్ గారూ, పోయిన పంట మేత పుస్తకం ఒకసారి ఇస్తారా, ఫొటోలు తీసుకుని సాయంత్రానికల్లా ఇచ్చేస్తానండి" అంటే, "అయిపోయిన లెక్కతో నీకేం పన్రా" అంటారు గానీ ఇస్తారు. ఏం తేలిందో ఆయనకి వచ్చి చెప్తానని మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరికి ఎంత బాకీ అన్నవి మొదటి రోజే తీసేసి చెరువు-1, చెరువు-2 అని పెట్టుకోండి. వ్యక్తిగత వివరాల రక్షణకి 2023లో చట్టమే వచ్చింది, పైగా ఊళ్లో ఒకరి అప్పు ఇంకొకరికి తెలిస్తే మళ్లీ ఎవరూ మీకు పుస్తకం ఇవ్వరు.

ప్రశ్న చిన్నది పెట్టుకోండి. "రొయ్యల సాగులో లాభనష్టాల విశ్లేషణ" అంటే దానికి అంతుండదు. "మూడు చెరువుల్లో కిలో రొయ్యకి మేత ఖర్చు ఎంత పడింది, మూడో చెరువులో ఎందుకు ఎక్కువైంది" అంటే దానికి జవాబుంటుంది.

ఇక డేటా శుభ్రం చేయడం. సగానికి పైగా టైమ్ దీనికే పోతుంది, పోనివ్వండి, పని నేర్పేది ఇదే. మీకు ఎదురయ్యేవి కొన్ని:

తేదీలు. పుస్తకంలో 3/4 అంటే ఏప్రిల్ మూడు. కంప్యూటర్ అమెరికా సెట్టింగ్‌లో ఉంటే ఎక్సెల్ దాన్ని మార్చి నాలుగుగా తీసుకుంటుంది, 13/4ని మాత్రం తేదీగా గుర్తించలేక మామూలు అక్షరాల్లా సెల్‌లో ఎడమ పక్కకి వదిలేస్తుంది. ఒకే కాలమ్‌లో కొన్ని కుడికి, కొన్ని ఎడమకి కనపడితే అక్కడ ఆగిపోండి.

ఎకరాలు, సెంట్లు. రెండెకరాల ఐదు సెంట్లని 2.05 అని రాయాలి. గుమస్తా 2.5 అని రాస్తాడు, అంటే రెండున్నర ఎకరాలు అయిపోతుంది, ఎకరా దిగుబడి తలకిందులవుతుంది.

బస్తాలు. మన దగ్గర ధాన్యం బస్తా 75 కిలోలు, మేత బస్తా మామూలుగా 25. అన్నీ కిలోల్లోకి మార్చేసి, అసలు అంకెని పక్క కాలమ్‌లో అలాగే ఉంచండి.

ఖాళీలు. మేత గడి ఖాళీగా ఉంటే ఆ రోజు మేత వేయలేదా, వేసి రాయలేదా? ఖాళీని సున్నా చేసేయడానికి ముందు వెళ్లి అడగండి. వాన పడిన రోజు మేత ఆపేశారని ఆయనే చెప్తాడు, దాంతో మీకు వర్షం అనే కొత్త కాలమ్ దొరుకుతుంది.

శుభ్రం చేశాక అంకెలు లోకంలో జరిగేవేనా అని చూడండి. 4,200 కిలోల మేతకి 3,000 కిలోల రొయ్య వస్తే మేత నిష్పత్తి 1.4, అది నమ్మొచ్చు. 0.8 వస్తే మేత బస్తాలు కొన్ని పుస్తకంలోకి ఎక్కలేదో, మధ్యలో పట్టిన సరుకు రెండుసార్లు పడిందో చూడాలి. మిల్లు డేటా అయితే, క్వింటా ధాన్యానికి పచ్చి బియ్యం 67 కిలోలు అన్నది ప్రభుత్వ సేకరణలో పాటించే లెక్క. మీ షీట్‌లో 85 వస్తే ఆ మిల్లు గొప్పదని రాసేయకుండా బిల్లులు మళ్లీ తిరగేయండి.

7. తేలింది ఒక్క పేజీలో చెప్పండి

ఇరవై గ్రాఫులు ఎవరూ చూడరు. పైన ఏం చేయాలో ఒక వాక్యం, కింద దానికి ఆధారం ఒక గ్రాఫ్, ఒక చిన్న టేబుల్, చివర ఈ డేటాతో ఏం చెప్పలేమో రెండు ముక్కలు. ఇంగ్లిష్‌లో కాలేజీకి ఇవ్వండి, తెలుగులో ఆ చెరువు యజమానికి చెప్పండి. "మూడో చెరువులో చివరి నెల మేత తగ్గించకపోవడం వల్ల కిలోకి ఇంత ఎక్కువ పడిందండి" అని చెప్పినప్పుడు ఆయన "అవున్రా, అప్పుడు రొయ్య మేత తినడం మానేసింది, ఇంట్లో పెళ్లి ఉండి మేం చూసుకోలేదు" అన్నాడంటే మీ లెక్క నిజానికి తగిలినట్టే. ఆయన అడ్డంగా తల ఊపితే మళ్లీ పుస్తకం తెరవండి, చాలాసార్లు ఆయనే కరెక్ట్ అయి ఉంటాడు.

8. ఇంటర్న్‌షిప్, ఉద్యోగం

మూడో ఏడాది మొదట్లోనే వెతకడం మొదలుపెట్టండి. హైదరాబాద్, విశాఖ, బెంగళూరులోనే వెతకాలని లేదు. మన దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, మేత కంపెనీలు, మిల్లులు, ఆసుపత్రులు, సూపర్ మార్కెట్లు అన్నిట్లోనూ బిల్లింగ్ డేటా పడి ఉంటుంది, దాన్ని చూసేవాళ్లు ఉండరు. రెండు నెలలు అక్కడ స్టాక్ రిపోర్ట్ చేసి వస్తే రెజ్యూమేలో ఒక నిజమైన లైన్ ఉంటుంది. మొదటి ఉద్యోగం ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ అయినా చిన్నచూపు చూడొద్దు, కంపెనీ లెక్కలన్నీ మీ చేతి మీదుగా పోయే సీటు అది.

ఇంటర్వ్యూలో ఎస్‌క్యూఎల్ ప్రశ్నలు రెండు మూడు, ఎక్సెల్ టెస్ట్, ఆ తర్వాత మీ ప్రాజెక్ట్ గురించి గుచ్చి గుచ్చి అడుగుతారు. మేత పుస్తకం ప్రాజెక్ట్ ఇక్కడ మిమ్మల్ని నిలబెడుతుంది, ఎందుకంటే అందులో ప్రతి అంకె వెనక ఏం జరిగిందో మీకు తెలుసు. భాష గురించి భయపడే పిల్లలు చాలామంది ఉంటారు. ఒక నోట్‌బుక్ తీసుకుని, మీ ప్రాజెక్ట్‌ని చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాసుకుని, ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. ఇంటర్వ్యూకి కావాల్సిన ఇంగ్లిష్ అంతే.

చివరిగా అమ్మానాన్నలకి. కోర్సు అవ్వగానే ఉద్యోగం గ్యారంటీ అని చెప్పి ముందే మొత్తం ఫీజు కట్టమనే ట్రైనింగ్ సెంటర్లు ఊరూరా వెలిశాయి. కట్టేముందు పోయిన బ్యాచ్‌లో చేరినవాళ్లు ఇద్దరి నంబర్లు అడగండి, మీరే ఫోన్ చేసి మాట్లాడండి, గ్యారంటీ అన్న మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. ఇవ్వకపోతే ఆ డబ్బుతో ఒక ల్యాప్‌టాప్ కొనిచ్చి, ఇంటికి నెట్ పెట్టించండి.